తలకింది పుస్తకం

బుధవారం పొద్దున పోస్టుమాన్ వచ్చే వేళకు సుదర్శనం పెరటి గడపలో కూర్చుని కుంపటి మీద మైదా జిగురు కలియబెడుతున్నాడు. ఉడుకు పట్టాక చిటికెడు మైలుతుత్తం పొడి చల్లాడు. మైలుతుత్తం పడిన జిగురుకు పురుగు రాదు. ఆ విషం గిన్నె వంటగిన్నెల్లో కలిస్తే ఇంటిల్లిపాదీ ఒకే బండిలో వైకుంఠానికి పోవలసిందేనని ఆయన భార్య వకుళాదేవి దాని చెవికి ఎర్రదారం కట్టి వేరే గూట్లో పెట్టింది. ఇరవై ఏళ్ల పోట్లాట తర్వాత ఆలుమగలు కుదుర్చుకున్న ఒప్పందం అది.

నిలువు నామాలు పెట్టుకుని బడికి పోయే తెలుగు అయ్యవారు, ఆదివారం వస్తే పాత కిరస్తానీ ప్రార్థన పుస్తకాల కోసం పల్లెలు పట్టుకుని తిరగడం తిరుపతిలో ఎవరికైనా వింతే. "ఏం సామీ, రేపు స్నానం కోనేట్లోనా, చర్చి తొట్లోనా?" అని ఎదురింటి దామోదరం వారానికొకసారైనా ఎకసెక్కమాడతాడు. సుదర్శనానికి చుర్రుమంటుంది. "నూట నలభై ఏండ్ల కిందట చేన్లో పనిచేసే మనిషి దేవుడి దగ్గర ఏ మాటల్లో మొరబెట్టుకున్నాడో మన గ్రంథాల్లో ఒక్క పుట చూపించబ్బా, నీ వాకిట్లో నేను కళ్లాపి చల్లతాను" అంటాడు. దామోదరం చూపించనూ లేదు, ఎకసెక్కం మాననూ లేదు.

ఈ పిచ్చికి సుదర్శనం పెట్టుకున్న నియమాలు రెండే. పుస్తకం కొనడు. చిరిగినదాన్ని తెచ్చి, విప్పి, కుట్టి, అట్ట వేసి ఎవరిది వారికి ఇచ్చేస్తాడు. చదివేవాళ్లు లేక "నువ్వే పెట్టుకో అయ్యోరా" అని ఇంటివాళ్లంటేనే తన దగ్గర ఉంచుకుంటాడు. రెండోది, ఏ పుస్తకమైనా చివరి ఖాళీ పుటలో ఆ ఇంటివారి పేరు, ఊరు, తేదీ పెన్సిలుతో రాస్తాడు. సిరా వాడడు. పరాయి పుస్తకం మీద సిరా పెట్టడం పరాయి పిల్లకు పచ్చబొట్టు పొడిచినట్టని ఆయన మాట.

కార్డు సత్యవేడు అవతలి తంగేళ్లపాళెం నుంచి. జ్ఞానమ్మ కొడుకు దేవసహాయం రాశాడు. అమ్మకు కాళ్లు వాచినాయి, నెల గడవదని డాక్టరు చెప్పినాడు, రోజూ పుస్తకం అడుగుతా ఉండాది, శనివారం పగలు సంఘమంతా మా ఇంట్లో ప్రార్థనకు కూడతారు, ఆ పొద్దుకు తమరు తప్పక పుస్తకం తేవాల అని.

సుదర్శనం కార్డు రెండుసార్లు చదివేసరికి జిగురు అడుగంటింది.

జ్ఞానమ్మ అడిగేది 1836లో మద్రాసులో అచ్చయిన ఉదయ సాయంత్రాల ప్రార్థనల పుస్తకం. అరచేతిలో పట్టేంత ఉంటుంది. గుడ్డపీలికల కాగితం, ఇప్పుడెవరూ పోత పోయని పాత అక్షరాలు. ఇంకొక ప్రతి ఎక్కడైనా ఉన్నట్టు ఆయనకు తెలియదు. మూడేళ్ల కిందట జ్ఞానమ్మ దాన్ని కొంగుమూటలో నుంచి తీసి ఇచ్చినప్పుడు పుటలు ఎండాకుల్లా రాలుతున్నాయి. బాగు చెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. మడత మడతకూ పల్చటి కాగితం అతికాడు. అయిదు బెజ్జాలు పొడిచి మైనం పట్టించిన దారంతో కుట్టాడు. నీలం గుడ్డ అట్ట వేశాడు. సాయంత్రం ప్రార్థన పుటలో పావలా బిళ్లంత మైనపు చుక్క ఒకటి ఉంది. అద్దుడు కాగితం పెట్టి గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనిస్తే పోయేదే. "దాని జోలికి పోవద్దు అయ్యోరా. మా జేజి సెయ్యి వణికి కొవ్వొత్తిలోంచి పడిన సుక్క అది. నాకు సూపు పోయినా బొటనేలికి కనపడతాది" అంది జ్ఞానమ్మ. ఆయన ఆ నాయనమ్మ చుక్క జోలికి పోలేదు.

ఇచ్చేటప్పుడే ఆమె ఒక మాట తీసుకుంది. "నువ్వు సదువుకో, రాసుకో. నేను పొయ్యే ముందర నా సేతికి రావాల. పెట్టెలో నా తలకింద పెట్టి పూడస్తారు. మా జేజికి ఆమె పాటల పుస్తకం అట్లనే పెట్టినారు." సుదర్శనం అట్లాగేనన్నాడు. అప్పుడు చావు దూరంగా ఉంది, పుస్తకం దగ్గరగా ఉంది.

వకుళాదేవి కార్డు చదివి మొగుడి ముఖం వంక చూసింది. "ఇస్తారా?"

"మాటిచ్చినాను గదా."

"మాట సంగతి కాదు నేనడిగేది. ఇస్తారా అని."

సుదర్శనం మాడిన జిగురు గీకుతూ కూర్చున్నాడు. ఆ పుస్తకం మీద మట్టి పడడమే ఆయన కళ్లకు కడుతోంది. బిడ్డలు లేని మనిషి. బిడ్డను పోగొట్టుకోవడం ఎట్లా ఉంటుందో ఆ పూట మొదటిసారి తెలిసొచ్చింది.

*

పుస్తకం ఇప్పుడు ఆయన ఇంట్లో లేదు. సంపత్కుమార్ ఇంట్లో ఉంది. సంపత్కుమార్ ఒకప్పుడు ఆయన దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్లవాడు, ఇప్పుడు కాలేజీలో లెక్చరరు. పదేళ్లుగా పల్లెల తిరుగుడులో ఆయన సంచి మోసినవాడు. వచ్చే నెల కాలేజీలో ప్రదర్శన పెట్టిస్తానని అరవైమూడు పుస్తకాలు రిక్షాలో వేసుకుపోయాడు. జాబితా రాసి సంతకం పెట్టించుకోమని వకుళాదేవి చెవినిల్లు కట్టుకుని పోరింది. "కొడుకు దగ్గర సంతకం పెట్టించుకుంటామా?" అన్నాడు సుదర్శనం. ఆ మాటకు ఆమె లోపలికి పోయింది.

గురువారం బడి వదిలాక ఆయన సంపత్కుమార్ ఇంటికి నడిచాడు. శిష్యుడు ఎప్పటిలాగే వంగి పాదాలు తాకి, కుర్చీ తుడిచి వేశాడు. హాల్లో కొత్త అద్దాల బీరువా ఉంది. పుస్తకాలు వరసగా నిలబడి ఉన్నాయి. తాను బొంతలో చుట్టి అటక మీద పెట్టుకున్న పిల్లలు పట్టుబట్టలు కట్టుకుని పెళ్లిపందిట్లో నిలబడినట్టు అనిపించింది సుదర్శనానికి.

సంగతి విని సంపత్కుమార్ నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "మట్టిలో పెడతారా సార్? ఇంగ్లండులో పెద్ద లైబ్రరీకి జాబు రాస్తే వాళ్ల దగ్గర కూడా లేదన్నారు."

"ఆమె పుస్తకం. ఆమె ఇష్టం."

"ఆమెకు చూపే లేదు గదా. ఇప్పుడు చదవబోయిందా?"

"చూసి చదివేది మనం. ఆమెకు మొదటి నుంచి కడాకు నోటికి వచ్చు."

"మీకు బాధ లేదా సార్?"

అడగకూడని మాట అడిగాడు. సుదర్శనం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఉంది. అందుకే చెప్తాండా, తొందరగా నా చేతిలో పెట్టు. రెండు దినాలు పోతే నా బుద్ధి ఎట్ల తిరుగుతుందో నాకే తెలీదు."

సంపత్కుమార్ కిటికీలో నుంచి వీధిలోకి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత, రేపు సాయంత్రం దాకా గడువిస్తే ప్రతి పుటా ఫోటో తీయిస్తానని, అక్షరాలైనా మిగులుతాయని అన్నాడు. తనకు తట్టని ఉపాయం వాడికి తట్టిందని సుదర్శనానికి ప్రాణం లేచొచ్చింది. శిష్యుడంటే వీడు అనుకున్నాడు.

లేవబోతూ, ఊరికే చెయ్యి ఆగక, బీరువాలో నుంచి ఒక పాటల పుస్తకం తీసి అలవాటుగా చివరి పుట తిప్పాడు. కార్వేటినగరం మునెమ్మ పేరు అక్కడ తనే రాశాడు. లేదు. కాగితం మీద రబ్బరు రుద్దిన నునుపు మాత్రం ఉంది.

"ప్రదర్శనకు శుభ్రం చేయించినాను సార్" అన్నాడు సంపత్కుమార్ వెనక నుంచి. "పేర్లన్నీ నోటుబుక్కులో ఎక్కించే ఉండాను."

పెన్సిలు రాతే గదా, మళ్లీ రాసుకోవచ్చునని సుదర్శనం తనకు తాను చెప్పుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఆ నునుపు వేలికి తగులుతూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం సంపత్కుమారే స్వయంగా ఇంటికి వచ్చాడు. చిన్న పొట్లం, కొత్త తువాలు గుడ్డలో చుట్టి నాలుగు పక్కలా సూదితో కుట్టి ఉంది. బస్సులో దుమ్ము పడకుండా కుట్టించానన్నాడు. జేబులో నుంచి చిన్న కత్తెర తీసి చేయి చాపాడు. "ఒకసారి విప్పి చూసుకుంటారా సార్? కడాసారి గదా."

సుదర్శనం చేయి కత్తెర దాకా పోయి ఆగింది. "వద్దప్పా. చూస్తే ఇయ్యలేను" అన్నాడు.

సంపత్కుమార్ కత్తెర జేబులో పెట్టుకుని, వంగి పాదాలు తాకి వెళ్లిపోయాడు. సుదర్శనం పొట్లాన్ని దేవుడి గూట్లో పెట్టాడు.

*

శనివారం తెల్లవారి బస్సెక్కి పుత్తూరు, నాగలాపురం మీదుగా సత్యవేడు చేరి, అక్కడ ఇంకో బస్సు మారి సుదర్శనం తంగేళ్లపాళెం దిగేసరికి పదకొండు దాటింది. పొట్లం దారంతా ఒళ్లోనే ఉంది. రెండుసార్లు కుట్టు మీద గోరు పెట్టాడు, రెండుసార్లూ తీశాడు. ఇవ్వగలిగాననే గర్వం కూడా ఆయన మనసులో లేకపోలేదు.

రోడ్డు పక్కన దేవసహాయం ఎదురు చూస్తున్నాడు. వేపచెట్టు కింద ఎలనీరుకని రెండు లేత కొబ్బరికాయలు, కొడవలి సిద్ధంగా ఉన్నాయి. ఏళ్ల తరబడి అంతే. ఆ ఇంట్లో నీళ్లు తాగనని సుదర్శనం ఏనాడూ అనలేదు, తాగుతారా అని వాళ్లూ ఏనాడూ అడగలేదు. చెట్టు మీది కాయకు అంటు లేదని ఇద్దరికీ తెలుసు. మొదటిసారి వచ్చినప్పుడే జ్ఞానమ్మ కొడుకును చెట్టెక్కించింది. పుస్తకాలు తీసుకున్న చేత్తో నీళ్లు తీసుకోలేకపోవడం గురించి సుదర్శనం ఎన్నడూ పనిగట్టుకుని ఆలోచించలేదు. ఇంటికి పోయి తలస్నానం చేస్తే సరిపోయేది.

"ప్రార్థన అయినాక తాగుతాలే. ముందు అమ్మను చూద్దాం పద" అన్నాడు.

ఇల్లు నిండా జనం. పాస్టరయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంఘం ఆడవాళ్లు చాపల మీద, మగవాళ్లు పంచలో. జ్ఞానమ్మ నులకమంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పొరలు కమ్మిన కళ్లు తలుపు వైపు తిప్పింది.

"అయ్యోరు వచ్చినాడా? ఈడికి రా సామీ, ఈడ కూసో."

"తెచ్చినాను పెద్దమ్మా" అన్నాడు సుదర్శనం.

"అయ్యవారు మా మతం కాకపోయినా మాట నిలబెట్టినారు. దేవుని ఎదుట నోటిమాటే సాక్షి" అన్నాడు పాస్టరయ్య. స్తోత్రం అన్నారు అందరూ. ఎవరో చిన్న కత్తి అందించారు. సుదర్శనం కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. నీలం గుడ్డ అట్ట కనిపించింది. తన చేతి అట్టే, తను రాసి అతికించిన చీటీయే. ఇక చూసినా ఫరవాలేదు, ఇచ్చేదే గదా అనుకుని తెరిచాడు.

లోపల తెల్లటి నున్నటి కాగితం. నిన్నమొన్న అచ్చయిన పాటల పుస్తకం, అట్టకు సరిపడా అంచులు కోసి జిగురుతో అతికించింది. అయిదు బెజ్జాల కుట్టు లేదు. పాత అట్టను కోడి తోలు ఒలిచినట్టు ఒలిచి దీనికి తొడిగారు.

సుదర్శనానికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత చాచిన కత్తెర గుర్తొచ్చింది. తాను విప్పి చూడడని వాడికి తెలుసు. తెలుసు గనకనే చేయి చాపాడు. గురువు మనసులో మెత్తనిచోటు ఎక్కడుందో పదేళ్లు పక్కన నడిచి నేర్చుకుని, సరిగ్గా అక్కడే పొడిచాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట. రబ్బరుతో రుద్దిన పేర్లు కూడా అప్పుడే అర్థమయ్యాయి. సిరాతో రాసి ఉంటే పోయేవి కావు. పుస్తకానికి నొప్పి కలగకూడదని తాను పెట్టుకున్న నియమమే దొంగకు తాళంచెవి అయింది. ఒళ్లంతా మంటెత్తింది. ఏడుపూ వచ్చింది. కొడుకనుకున్నాడు వాణ్ని.

"ఏంది అయ్యోరా, ఇయ్యి" అంది జ్ఞానమ్మ చేతులు చాపి.

పాతికమంది చూస్తున్నారు. మాట నిలబెట్టాడన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. తేలు కుట్టిన దొంగలా సుదర్శనం కుట్టించుకున్న నొప్పి బయటికి చెప్పలేక పుస్తకాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె ముందు అట్ట తడిమింది. ముఖం విప్పారింది. వాసన చూసింది. కాసేపు అట్లాగే ముక్కు దగ్గర పట్టుకుని ఉండిపోయింది. తర్వాత పుటల మధ్య బొటనవేలు దూర్చి సాయంత్రం ప్రార్థన ఉండవలసిన చోట ఆగింది. వేలు పుట మీద గుండ్రంగా తిరిగింది. ఒక పుట వెనక్కి, రెండు ముందుకు. మళ్లీ తిరిగింది. సుదర్శనం ఆ వేలినే చూస్తున్నాడు. వేలు ఆగిపోయింది.

"అయ్యోరా" అంది మెల్లగా, "కడాపట నా పేరు రాసినానంటివే. ఒగసారి సదువు."

పుస్తకం తిరిగి ఆయన చేతికి వచ్చింది. చివరి పుట తిప్పాడు. ఒక మూల అచ్చుపని చేసినవారి గుర్తు తప్ప అంతా ఖాళీ. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"జ్ఞానమ్మ" అని చదివాడు సుదర్శనం. "తంగేళ్లపాళెం, సత్యవేడు తాలూకా. పన్నెండో తేదీ, ఏప్రిల్, పంతొమ్మిది వందల డెబ్బై అయిదు."

"స్తోత్రం" అన్నారు ఆడవాళ్లు. ఒకామె కళ్లు ఒత్తుకుంది. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. పుస్తకం తిరిగి ఆమె ఒళ్లో పెట్టిన సుదర్శనం ప్రార్థన అయ్యేవరకూ తల ఎత్తలేదు.

తర్వాత అందరూ భోజనాలకని పందిట్లోకి లేచారు. జ్ఞానమ్మ కోడల్ని కూడా పొమ్మంది. అయ్యోరితో రెండు మాటలు ఉండాయంది.

"అందరూ పోయినారా?"

"పోయినారు పెద్దమ్మా."

"మైనం సుక్క లేదు సామీ."

సుదర్శనం మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. కట్ట తెగినట్టు మాటలు వచ్చిపడ్డాయి. తన శిష్యుడని, కొడుకులాగా చూసుకున్నానని, పొట్లం కుట్టి తెచ్చాడని, విప్పితే ఇవ్వలేనని భయపడి విప్పలేదని, ఇక్కడ మీ అందరి ముందర తెరిచేదాకా తనకు తెలియదని, ఆ ద్రోహి పేర్లన్నీ చెరిపేశాడని చెప్పాడు. కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. చెప్పినదంతా నిజమే.

ఆమె చివరిదాకా విన్నది.

"నేనూ అట్లనే అనుకొంటి" అంది. "ఏలితో తడుముకుంటా ఉన్నప్పుడే అనుకొంటి, అయ్యోరు మంచోడు, ఎవురో ఆయన్ని మోసం సేసినారు పాపం అని. అందుకే పేరు సదవమంటి. లేదు పెద్దమ్మా, ఇది నీది కాదు అంటావని." ఒళ్లోని పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "సదివినావు."

పందిట్లో ఆకుల మీద అన్నం వడ్డిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సుదర్శనానికి సంపత్కుమార్ మీద మండిన మంట ఎక్కడికి పోయిందో తెలియలేదు. వాడి మీద కోపం పెట్టుకునే హక్కు కూడా పోయినట్టనిపించింది.

"నేను రేపే పోయి వాడి దగ్గరినుంచి తెస్తాను. వీధికీడ్చయినా సరే తెస్తాను."

"తెస్తే నా కొడుక్కియ్యి. నేను ఉంటానో లేదో." ఆమె నీలం అట్ట పుస్తకాన్ని ఆయన వైపు నెట్టింది. "దీన్ని ఎత్తుకొని పో. నా తలకిందకి దిండు సాలు."

సుదర్శనం పుస్తకం తీసుకోలేదు. మూలన ఉన్న నీళ్లకుండ మీద, దాని మీది సత్తు గ్లాసు మీద చూపు పడింది. చేతులు రెండూ దోసిలి పట్టాడు. "పెద్దమ్మా, గొంతు ఎండుకుపోతాంది. మీ కుండలో నీళ్లు రోంత ఇప్పించు. తాగి పోతాను."

జ్ఞానమ్మ పొరలు కమ్మిన కళ్లు ఆయన గొంతు వినిపించిన వైపే నిలిచాయి. ఏమీ కోపం లేదు ఆ ముఖంలో.

"మా నీళ్లు నీకెందుకు సామీ. ఎలనీరు కొట్టి పెట్టిండారు. తాగి పో" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

సుదర్శనం పుస్తకం తీసుకుని బయటికి వచ్చాడు. వేపచెట్టు కింద దేవసహాయం చెక్కిన కాయ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మాయమ్మ మనసు నిండిందా సామీ?" అని అడిగాడు.

సుదర్శనం కాయ అందుకుని, జవాబు చెప్పవలసిన పని లేకుండా, చివరి చుక్క దాకా తాగుతూనే ఉన్నాడు.